లేతత్త వేసిన బ్రేకులు

మా మేనత్తను పేటలో అందరూ లేతత్త అంటారు. లేతు మిషను మీద పని చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఎప్పుడూ చూడనివాళ్లు ఆ పేరు విని, గాలి వీస్తే వాలిపోయే సుకుమారి ఎవరో అనుకుంటారు. తీరా షెడ్డులోకి వస్తే నిలువెత్తు బీరువాలాంటి మనిషి కనిపిస్తుంది. నెత్తిన గుడ్డ, చెవి వెనక సుద్దముక్క, మోచేతుల దాకా గ్రీజు. లేతదనం దాని ఒంట్లో ఏనాడూ లేదనీ, పుట్టడమే ముదురుగా పుట్టిందనీ మా నాయనమ్మ అంటూంటుంది.

ఒక వర్క్‌షాపులో బిల్లులు టైపు చేయడానికి చేరింది మొదట్లో. టైపు మిషను పక్కన కిటికీ, కిటికీ అవతల లేతు. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటే దాని మీంచి చెక్కు ఉంగరాలు ఉంగరాలుగా లేచి రావడం చూస్తూ కూర్చునేదట. ఒకసారి ఆ లేతు నడిపే టర్నరు చెయ్యి విరిగి మంచాన పడ్డాడు. తొందర పని ఆగిపోయి యజమాని తల పట్టుకుంటే, ఈవిడ లేచి వెళ్లి మిషను ముందు నిలబడింది. మొదటి ముక్క పాడైంది. రెండోదీ పాడైంది. మూడోది కొలతకు సరిగ్గా వచ్చింది. టర్నరు చెయ్యి అతుక్కుని తిరిగొచ్చేసరికి టైపు మిషను మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. వయసు మీదపడి ఆ యజమాని షాపు మూసేసినప్పుడు అత్త ఒక లేతును తెచ్చుకుని, తనూ నాయనమ్మా ఉండే ఇంటి వెనక షెడ్డులో బిగించుకుంది. ఆమెకు పెళ్లి కుదరలేదని చుట్టాలంటారు. కుదరనివ్వలేదని నాయనమ్మ అంటుంది. అత్త మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా మిషను స్విచ్చి వేస్తుంది. ఆ మోతలో ఇంకెవరి మాటా వినపడదు.

మా తాతయ్య టాక్సీ నడిపేవాడు. ఆయన పోయాక మిగిలినవాటిలో అన్నిటికన్నా బరువైనది ఆయన కారు. గుండ్రటి ముక్కు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, బూడిదరంగు ఒళ్లు. ఏనుగు పిల్లలా ఉంటుందని ఇంట్లో దాన్ని గున్న అనేవాళ్లు. మా నాన్న మందుల షాపు నడుపుతాడు. ఆయన దృష్టిలో గున్న అంటే ఎప్పుడూ ఎవరో ఒకరి గేటుకు అడ్డంగా ఉండే వస్తువు. అందుకని అత్త దాన్ని తీసుకుంటానంటే సంతోషంగా తాళాలు ఇచ్చేశాడు. ఆమె దాని ఇంజను విప్పి బాగుచేసింది, సీట్లు కుట్టించింది, అద్దాలకు కొత్త రబ్బర్లు వేసింది. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. బాగానే పనిచేస్తున్నాయి కదా అనుకుంది.

అవి ఎంత బాగా పనిచేస్తున్నాయో కొండ దిగుతుంటే తెలిసింది. కొండ మీది ఊళ్లో చుట్టాలింటి పెళ్లికి వెళ్లి తిరిగొస్తున్నాం. ముందు సీట్లో నాన్న, వెనక నాయనమ్మా నేనూ. ఆ దారి అంతా మలుపులే. ప్రతి మలుపులోనూ అత్త బ్రేకు నొక్కాలి, వదలాలి, మళ్లీ నొక్కాలి. సగం దూరం దిగేసరికి కాలిన గోనెసంచి వాసన మొదలైంది. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. అత్త బ్రేకును ఇంకా బలంగా తొక్కింది. పెడల్ గట్టిగానే ఉందట. ఎంత బలంగా తొక్కినా బండి మాత్రం తన దారిన తను పోతోందట. ఆమె గేరు కిందికి లాగింది, ఇంకా కిందికి లాగింది, హ్యాండ్‌బ్రేకు అందుకుంది. ఒక పక్క లోయ, ఒక పక్క మట్టిగట్టు. గున్నను గట్టుకు ఆనించి రాసుకుంటూ రాసుకుంటూ తీసుకుపోయి ఆపింది. ఒక తలుపు పిడి ఊడి ఎటో పోయింది. మట్టి పెళ్లలు నాన్న ఒళ్లో పడ్డాయి. ఎవరికీ గీత కూడా పడలేదు.

నాన్న దిగి, ఒంటి మీది మట్టి దులుపుకున్నాడు. ఆయన అరిచే మనిషి కాదు. ఆ రోజూ అరవలేదు.

"నీ ముచ్చట కోసం అమ్మ ప్రాణం మీదికి తెచ్చావక్కా. ఇక ఈ బండిలో మా ఇంటివాళ్లెవరూ ఎక్కరు. నువ్వూ ఎక్కకు. పాతసామాన్లకు వేసెయ్."

బ్రేకులు చల్లారాక అత్త గున్నను ఒక్కతే నత్తలా నడుపుకుంటూ కిందికి తెచ్చింది. మేం అటుగా వచ్చిన లారీలో వచ్చాం.

మర్నాడు అత్త లేతు మీద ఒక ముక్క ఎక్కించి సగంలో వదిలేసిందట. మిషను ఆపేసి స్టూలు మీద కూర్చుందట. వాడి మాటలకు బాధపడకమ్మాయీ అని నాయనమ్మ సర్దిచెప్పబోతే, వాడన్నదాంట్లో తప్పేముందమ్మా అందట అత్త. అదే ఆమెను తొలిచేసింది. తమ్ముడు అన్యాయంగా తిట్టి ఉంటే ఎదురు తిట్టి ఊరుకునేది. న్యాయంగా తిట్టాడు. దానికి జవాబు నోటితో చెప్పేది కాదని ఆమెకు తెలుసు.

గున్న ముందు చక్రాలు రెండూ విప్పి చూసింది. పాతకాలం కార్లన్నిటిలాగే దానికీ డ్రమ్ము బ్రేకులు. చక్రంతోపాటు తిరిగే ఒక ఇనుప గిన్నె, దాని లోపల నెలవంకల్లాంటి రెండు షూలు. పెడల్ తొక్కితే షూలు విచ్చుకుని గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఒరుసుకుంటే వేడి పుడుతుంది. మూత వేసిన గిన్నెలో పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది? మట్టసంగా ఉన్న ఊళ్లో ఒకసారి తొక్కి వదిలేస్తే ఫరవాలేదు. కొండ దిగుతూ తొక్కిందే తొక్కుతుంటే గిన్నె కాలి సాగుతుంది, షూల పట్టు జారిపోతుంది. డిస్కు బ్రేకుల్లో ఆ బాధ లేదు. పళ్లెంలాంటి డిస్కు బయట గాలిలో తిరుగుతూ ఉంటుంది, కాలిపర్ అనే పట్టకారు దాన్ని రెండు వైపులనుంచీ నొక్కి పట్టుకుంటుంది. వేడి పుడుతూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. గున్నకు ముందు చక్రాలకు డిస్కులు వేయాలని అత్త ఆ క్షణమే నిశ్చయించుకుంది.

సందు చివర మెకానిక్ నవ్వాడు. ఈ బండికి డిస్కులు ఎవరూ చేయలేదు, దొరకవు, ఉన్న షూలకు మంచి లైనింగు వేసుకుని కొండలెక్కడం మానెయ్యి అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు, చెడ్డ సలహా కూడా కాదు. అత్త ఆయనిచ్చిన టీ తాగి, మంచిదని చెప్పి, నేరుగా పాతబండ్ల యార్డుకు పోయింది.

ఆ తర్వాత కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. గున్న అంత బరువున్న బండి డిస్కులైతేనే గున్నను ఆపగలవు. టేపూ కొలత పరికరాలూ పట్టుకుని యార్డులో బండి కిందినుంచి బండి కిందికి దూరేది. చివరికి సరుకులు మోసే ఒక చిన్న వ్యానువి కుదిరాయి. కాలిపర్లు దాన్నించి తీసుకుని పూర్తిగా విప్పి, ఆయిలు కారకుండా ఆపే లోపలి రబ్బరు సీళ్లన్నీ మార్చింది. డిస్కులు మాత్రం కొత్తవే కొన్నది. పాత డిస్కు మొహం చూస్తే దాని గతం తెలియదని ఆమె లెక్క.

కుదిరాయంటే కొలతలు దగ్గరగా ఉన్నాయని మాత్రమే. చక్రాన్ని బిగించే గున్న హబ్బు మీద వ్యాను డిస్కు కూర్చోదు. హబ్బును లేతు మీదికెక్కించి, వెంట్రుకవాసి చొప్పున చెక్కుతూ, చెక్కినప్పుడల్లా ఆపి కొలుస్తూ కూర్చుంది. డిస్కు తొడిగితే డబ్బాకు మూత పెట్టినట్టు చప్పుడు చేస్తూ కూర్చోవాలి, బలవంతం చేయకూడదు, వదులుగా ఆడకూడదు. అలా కూర్చున్న రోజు ఆమె నాన్న షాపులో సాయంగా ఉన్న నన్ను పిలిపించి మరీ ఆ చప్పుడు వినిపించింది. నాకేమీ ప్రత్యేకంగా అనిపించలేదు. బాగుందత్తా అన్నాను. ఆమె మళ్లీ తీసి మళ్లీ తొడిగింది.

అసలు కష్టం బ్రాకెట్లతో వచ్చింది. కాలిపర్‌ను బండికి పట్టి ఉంచేది ఆ బ్రాకెట్టే. బ్రేకు తొక్కినప్పుడు బండి ఊపంతా దాని మీదే పడుతుంది. అత్త ముందు అట్టముక్కతో చేసింది, తర్వాత చెక్కతో, చెక్కది సరిపోయాక మందపాటి ఉక్కు పలకతో. పక్క షెడ్డులో ఒక వెల్డరు ఉన్నాడు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడడు కాబట్టి ఆయన్ని మౌనస్వామి అంటారు. రెండు ముక్కలు కలిపి వెల్డింగు పెడితే త్వరగా అయిపోతుంది కదా అన్నాడాయన. వద్దంది అత్త, ఒకే పలకలోంచి కోసి బోల్టులతో బిగిస్తానంది. మౌనస్వామి మొహం మాడిపోయింది. ఇన్నేళ్లుగా తను పెట్టిన అతుకు ఒక్కటైనా ఊడిందా అని అడిగాడు. అది ఆయన జీవితంలో మాట్లాడిన అతి పొడుగు వాక్యమేమో.

"నీ అతుకు మీద అనుమానం కాదయ్యా. నాకు నిద్ర పట్టాలి కదా" అంది అత్త.

ఆయన తన షెడ్డులోంచి పెద్ద గ్యాస్ కట్టరు తోసుకొచ్చి, ఉక్కు పలకను ఆమె గీసిన గీత వెంబడి స్వయంగా కోసిపెట్టాడు. గీతకు కాస్త బయటగా కోసి మిగతాది ఆమె మిషనుకు వదిలాడు.

అన్నీ బిగించాక చక్రం తొడిగితే కాలిపర్ రిమ్ముకు తగులుకుంది. గోరంత. మళ్లీ యార్డు, మళ్లీ బండ్ల కింద దూరడం. కాస్త పెద్ద రిమ్ములు దొరికాయి. తగలకుండా తిరిగాయి. ఇక గొట్టాల్లో బ్రేకు ఆయిలు నింపి గాలి తీయడం మిగిలింది. ఆయిలులో గాలి బుడగ ఉంటే పెడల్ దూదిపరుపులా మెత్తగా పోతుంది, బ్రేకు పడదు. గాలి తీయాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు బయట కాలిపర్ దగ్గర ఉండే నిపుల్ అనే గాలి మరను విప్పి బిగించాలి. తొక్కే పని నాయనమ్మ తీసుకుంది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఒకరు చెప్పినట్టు చేయడం కన్నా ఒకరికి చెప్పి చేయించడమే ఎక్కువ అలవాటు.

"తొక్కమ్మా. అలాగే పట్టుకో. ఇప్పుడు వదులు" అని అత్త, "తొక్కాను. పట్టుకున్నాను. వదిలాను. ఇంకెంతసేపే" అని నాయనమ్మ. పొద్దుటి పూటంతా అదే పాట. ఆయిలు డబ్బా ఖాళీ అయింది. పెడల్ మెత్తగానే ఉంది. అత్త ప్రతి జాయింటూ తడిమింది, ఎక్కడా చుక్క కారడం లేదు. ఆయిలును గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పాడైందేమో అంది. సీళ్లు తిరగబడ్డాయేమో అంది. చివరికి పానా పక్కన పడేసి నేల మీద చతికిలబడింది. అంత దిగాలుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

నాయనమ్మ నడుం పట్టేసిందని కారు దిగి, మోకాళ్లు పట్టుకుని వంగి, చక్రం దగ్గరి సరంజామాను మొదటిసారి పరిశీలనగా చూసింది. గాలి ఏ కన్నంలోంచి రావాలని అడిగింది. ఈ నిపుల్లోంచని అత్త చూపించింది. అది కాలిపర్ అడుగున ఉంది.

"సూదిమందు ఇచ్చేటప్పుడు మేం సూదిని పైకి పెట్టి గాలి వదిలేవాళ్లం. గాలి పైకి కదా పోయేది. నువ్వేంటే, కిందినుంచి తీస్తున్నావు?"

అత్త తల్లి మొహం చూసింది. నిపుల్ వంక చూసింది. అవతలి చక్రం దగ్గరికి పరుగెత్తి అక్కడా చూసింది. కుడివైపు కాలిపర్ ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించిందన్నమాట. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, ఏ పక్కనైనా చక్కగా కూర్చుంటాయి, కాకపోతే తలకిందులుగా కూర్చుంటాయి. పైన ఉండాల్సిన నిపుళ్లు కిందికొచ్చాయి. గాలి పైన హాయిగా ఉండిపోయింది. అత్త నేల మీదే వెల్లకిలా పడి కడుపుబ్బ నవ్వింది. మౌనస్వామి తన షెడ్డులోంచి వచ్చి విషయం తెలుసుకుని ఆయనా నవ్వాడు. ఆయనకు నవ్వడం వచ్చని పేటకు ఆ రోజే తెలిసింది. కాలిపర్లు అటూ ఇటూ మార్చాక నాయనమ్మ నాలుగు తొక్కులు తొక్కిందో లేదో పెడల్ రాయిలా నిలబడింది.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. సందులో నడిపి చూస్తే బ్రేకు పడుతోంది గానీ పెడల్ మీద నిలబడి తొక్కాల్సి వస్తోంది. పైగా కాలు తీసినా డిస్కులు రాసుకుంటూ వేడెక్కుతున్నాయి. ఈసారి అత్త కంగారు పడలేదు. పాత మాస్టర్ సిలిండర్‌ను బల్ల మీద విప్పి చూసింది. డ్రమ్ములకు పనికొస్తుందని పాతకాలం వాళ్లు దానిలో ఒక చిన్న వాల్వు పెట్టారు. కాలు తీసినా గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్ములకు అది మేలు, డిస్కులకు కీడు. ఆ సిలిండరును పక్కన పెట్టేసి, కాలిపర్లు ఇచ్చిన వ్యానుదే సిలిండరూ, దాంతోపాటు తొక్కే బలాన్ని పెంచే బూస్టరూ తెచ్చి బిగించింది. ఇప్పుడు నాయనమ్మ చెప్పుకాలి కొసతో తొక్కినా గున్న బుద్ధిగా ఆగింది.

తనకు తాను నమ్మకం కుదిరితే చాలదని అత్త బండ్ల తనిఖీ ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి ఇన్‌స్పెక్టరు పెద్దాయన, తొందరపడే రకం కాదు. టార్చిలైటుతో కిందికి దూరి బ్రాకెట్ల బోల్టులన్నీ చూశాడు, ఉక్కు మందం అడిగాడు, అతుకు ఎక్కడుందని వెతికాడు. అతుకే లేదంటే తల ఊపాడు. తర్వాత గున్నను తిరిగే రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కమన్నాడు. గోడ మీది కొలత పలక మీద రెండు ముళ్లు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి లేచి ఒకే గీత దగ్గర ఆగాయి. మళ్లీ తొక్కమన్నాడాయన. మళ్లీ అక్కడే ఆగాయి. ఇంకోసారి తొక్కమంటే అత్త, ఏమైనా తేడా ఉందా సార్ అని అడిగింది. "తేడా ఏం లేదమ్మా, చూడ్డానికి బాగుంది" అన్నాడాయన.

అత్త నాయనమ్మతో కలిసి గున్నలో మా ఇంటికొచ్చి, ముద్ర వేసిన కాగితం నాన్న ముందు పెట్టింది. కొండకు వెళదాం రమ్మంది. నాన్న కాగితం చదివాడు, వెనక్కిచ్చాడు, షాపులో పనుందన్నాడు. అప్పటికే నాయనమ్మ వెళ్లి గున్న ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. నాన్న బయటికొచ్చి దిగమ్మా అని బతిమాలాడు.

"నేను దిగను. నేను నాలుగు వందలసార్లు తొక్కిన బ్రేకు అది. నమ్మకం లేకపోతే నువ్వు షాపుకి పో, ఉంటే వెనకెక్కు" అంది నాయనమ్మ.

నాన్న ఎక్కాడు. ఆయన పక్కన నేనెక్కాను.

కొండ ఎక్కడం మామూలే. పైన కాసేపు ఆగి దిగడం మొదలుపెట్టాం. నాన్న ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మలుపు తర్వాత మలుపు వచ్చింది. అత్త తొక్కింది, వదిలింది, తొక్కింది. నాన్న ముక్కు ఎగబీలుస్తున్నాడు. చెట్ల వాసన తప్ప ఏమీ రాలేదు. గట్టుకు రాసుకున్న చోటు దాటాం. అక్కడ మట్టిలో పొడుగాటి గాడి ఇంకా కనిపిస్తూనే ఉంది.

దాని కిందనున్న పెద్ద మలుపు తిరగ్గానే రోడ్డు లేదు. ఇనుప గొట్టాల లారీ తాళ్లు తెగి, గొట్టాలన్నీ దారికి అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. లారీ డ్రైవరు రెండు చేతులూ ఊపుతూ ఎదురు పరుగెత్తుకొస్తున్నాడు. అత్త తొక్కింది. గున్న ముక్కు కిందికి వంగింది. అటు లాగలేదు, ఇటు లాగలేదు, కీచుమనలేదు. గీత గీసినట్టు తిన్నగా వెళ్లి ఆగిపోయింది. లారీ డ్రైవరు తనకూ మా బండికీ మధ్య మిగిలిన జాగాను చూసుకుని, ఊపుతున్న చేతులు మెల్లగా దించాడు. అంత దూరంలో ఆగితే ఇంకా ఊపడం అనవసరమని ఆయనకే అనిపించి ఉంటుంది.

నాన్న దిగాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రిమ్ము సందుల్లోంచి మెరుస్తున్న డిస్కు దగ్గరగా అరచెయ్యి పెట్టి చూశాడు.

"వేడిగా ఉందక్కా."

"ఉంటుందిరా. అప్పుడు లోపలే ఉండిపోయింది. ఇప్పుడు నీ చేతికి తగులుతోందంటే బయటికి పోతోందన్నమాట."

నాన్న లేచి నిలబడ్డాడు. లారీ డ్రైవరుతో కలిసి మేమంతా గొట్టాలు పక్కకు దొర్లించాం, అందరికన్నా ఎక్కువ దొర్లించింది నాన్నే. దారి తెరుచుకున్నాక ఆయన అత్త దగ్గరికెళ్లి, చొక్కాకు చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"నేను నడపనా?"

అత్త తాళం ఆయన అరచేతిలో పెట్టి, వెనక తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. గున్న తన చేతికొచ్చాక ఆమె వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. మొదట్లో ప్రతి మలుపులోనూ ఆమె కుడికాలు దానంతటదే నేలను తొక్కింది. తర్వాత తర్వాత ఆగిపోయింది. నాన్న ముందు జాగ్రత్తగా నడిపాడు, ఆపైన హుషారుగా నడిపాడు, కొండ దిగేసరికి ఈల వేస్తున్నాడు. అవసరం లేనిచోట్ల కూడా బ్రేకు తొక్కి చూస్తున్నాడని నాయనమ్మ కసురుకుంది.

పేటలోకి వచ్చాం. మెకానిక్ షాపు ముందు నాన్న బండి ఆపి, హారను కొట్టి ఆయన్ని బయటికి పిలిచాడు. మా అక్క డిస్కులేసింది, వచ్చి చూడు అన్నాడు. మెకానిక్ టీ గ్లాసు గట్టు మీద పెట్టి, వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు. లేచి అత్తకు చెయ్యి ఎత్తి దండం పెట్టాడు. తన దగ్గర ఇలాంటి బండే ఇంకొకటి మూలనపడి ఉందనీ, దాని యజమానిని రేపు పంపుతాననీ అన్నాడు. పంపమంది అత్త కిటికీలోంచి. ఆ మాట అంటున్నప్పుడే ఆమె కళ్లు మూతలుపడుతున్నాయి.

మా ఇంటి మలుపు వచ్చింది. నాన్న తిప్పలేదు. ఎక్కడికిరా అని నాయనమ్మ అడిగింది. ఒక్క చుట్టు తిరిగొద్దామన్నాడు. నాయనమ్మ ఏదో అందామని వెనక్కి తిరిగి చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. లేతత్త నా భుజం మీద తల వాల్చి, నోరు కాస్త తెరుచుకుని, సన్నగా గురక పెడుతోంది. నాన్న అద్దంలోంచి చూసి, గేరు మార్చి, ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు పట్టాడు.